కప్పు మనది, మైదానం గోవాది

(ఒక ఆదివారం సాయంత్రం కాలనీ గ్రంథాలయంలో చేసిన ప్రసంగం. రాతలో పెట్టేటప్పుడు మాటలు పెద్దగా మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినిపిస్తోందా? ఆఁ, సరే.

‘ఫుట్‌బాల్ గురించి ఏదైనా చెప్పండి మాస్టారూ’ అని పిలిచారు నన్ను. ఏదైనా అంటేనే నాకు భయం. ముప్ఫై ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసినవాణ్ణి. విజిల్ చేతికిస్తే ఎంతసేపైనా ఊదుతాను గానీ మైకు ఇస్తే దారి తప్పుతాను. అందుకని ఒక్క సీజన్ పట్టుకొచ్చాను. 2021-22 ఇండియన్ సూపర్ లీగ్, మనవాళ్ళు ఐఎస్ఎల్ అంటారు. ఆ ఏడు ఛాంపియన్ ఎవరో గుర్తున్నవాళ్ళు చేతులెత్తండి.

ఏడు... ఎనిమిది. పర్లేదు, నేను నాలుగే అనుకున్నాను. (నవ్వులు) 2016లో ఐపీఎల్ ఎవరు గెలిచారు? చూశారా, హాలంతా లేచింది! ఐపీఎల్ గెలిచిన సన్‌రైజర్స్ గుర్తుంది. ఐఎస్ఎల్ గెలిచింది కూడా ఈ ఊరి పేరు పెట్టుకున్న జట్టే. హైదరాబాద్ ఎఫ్‌సీ. 2022 మార్చి 20, ఆదివారం రాత్రి. హోలీ అయి రెండు రోజులు. మా వీధిలో పిల్లల చెవుల వెనక రంగు ఇంకా పోలేదు.

మీకు గుర్తులేదని తప్పు పట్టడం లేదు. గుర్తుండకపోవడానికి కారణం ఉంది. ఆ సీజన్‌లో హైదరాబాద్ జట్టు హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఒక్కటంటే ఒక్కటి. గచ్చిబౌలి స్టేడియంలో ఐఎస్ఎల్ మ్యాచ్ జరిగి అప్పటికే రెండేళ్ళు దాటింది. కరోనా కదా, లీగు మొత్తాన్నీ గోవాలోనే పెట్టారు. ఫటోర్డా, బంబోలిం, వాస్కో, ఈ మూడు మైదానాలే. పదకొండు జట్లు హోటళ్ళలో ‘బబుల్’ అని ఒక కంచె కట్టుకుని ఉండేవి. హోటలు, బస్సు, మైదానం, మళ్ళీ హోటలు. కాగితం మీద మాత్రం ఇది హోం మ్యాచ్, అంటే సొంత ఊరిది, ఇది ‘అవే’ మ్యాచ్, అంటే పరాయి ఊరిది అని రాసుకునేవాళ్ళు. ఎవరికి హోం? అందరికీ గోవాయే హోం. ఖాళీ కుర్చీల ముందు ఆడారు నాలుగు నెలలు. టీవీలో కోచ్ అరుపులు స్పష్టంగా వినిపించేవి. నాకైతే అది బాగానే ఉండేది, పిల్లలకి చూపించి ‘విన్నావా, లైను పట్టుకోమంటున్నాడు’ అని చెప్పేవాణ్ణి.

జట్టు సంగతి కొంచెం వెనక నుంచి చెప్పాలి.

హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది 2019లో. పుణె జట్టు మూతపడితే ఆ చోటులో వచ్చింది. మొదటి మ్యాచ్ కోల్‌కతాలో. అయిదు–సున్నా. సున్నా మనది. వారం తిరగ్గానే గచ్చిబౌలిలో కేరళ బ్లాస్టర్స్ మీద 2–1తో గెలిచారు. మార్సెలీన్యో అనే బ్రెజిల్ కుర్రాడి ఫ్రీకిక్. ఆ రాత్రి నేను స్టేడియంలోనే ఉన్నాను. వచ్చేటప్పుడు బండి ఎక్కడ పెట్టానో మరిచిపోయి అరగంట వెతికాను, అంత ఆనందం. తర్వాత ఆనందపడే పని పెద్దగా పెట్టలేదు లెండి. ఆ సీజన్ మొత్తం పద్ధెనిమిది మ్యాచ్‌ల్లో రెండే గెలుపులు, నాలుగు డ్రాలు, పన్నెండు ఓటములు. పది పాయింట్లతో అట్టడుగు.

ఆ తర్వాత ఇంకో తమాషా. అల్బర్ట్ రోకా అని పేరున్న కోచ్‌ను మాట్లాడుకున్నారు. సీజన్ మొదలుకాకముందే ఆయనకి బార్సిలోనా నుంచి పిలుపొచ్చింది, వెళ్ళిపోయాడు. బార్సిలోనా పిలిస్తే ఎవరాగుతారండీ! హడావిడిగా ఇంకో స్పెయిన్ ఆయన్ని తెచ్చారు. మనోలో మార్కెజ్. జుట్టు నెరిసిన మనిషి, మన స్కూల్లో లెక్కల మాస్టారులా ఉంటాడు. పోయిన కోచ్ బదులుగా వచ్చినవాడు జట్టు తలరాత మార్చాడు. ఆయన మొదటి ఏడు అయిదో స్థానం, రెండో ఏడే మనం మాట్లాడుకునే సీజన్.

ఇక్కడ ఒక రూలు చెప్పాలి, అది అర్థమైతేనే మిగతాది అర్థమవుతుంది. అంతకుముందు మైదానంలో ఒకేసారి అయిదుగురు విదేశీ ఆటగాళ్ళు ఉండొచ్చు. 2021-22 నుంచి నలుగురే. అంటే పదకొండు మందిలో కనీసం ఏడుగురు భారతీయులు ఉండితీరాలి. అప్పటిదాకా డబ్బున్న జట్లు ఏం చేసేవంటే గోల్స్ కొట్టేవాడు, మధ్యలో ఆట నడిపేవాడు, వెనక గోడలా నిలబడేవాడు, అందరినీ బయటి నుంచి తెచ్చి, మనవాళ్ళని అంచుల్లో సర్దేసేవి. కొత్త రూలుతో ఆ సర్దుబాటు కుదరలేదు. మార్కెజ్‌కి మాత్రం ఇబ్బంది లేదు, ఆయన ముందు ఏడాదే కుర్రాళ్ళని నమ్మి దించేశాడు. కుడి వైపు సిక్కిం కుర్రాడు ఆశీష్ రాయ్, ఎడమ వైపు ఉత్తరప్రదేశ్ కుర్రాడు ఆకాశ్ మిశ్రా. ఇద్దరికీ మీసాలు సరిగ్గా రాలేదు అప్పటికి. డిఫెన్స్ చేస్తూనే లైను పట్టుకుని పైదాకా పరిగెత్తేవాళ్ళు. మణిపూర్ నుంచి చింగ్లెన్‌సానా, యాసిర్. మహారాష్ట్ర నుంచి అనికేత్ జాధవ్. గోల్‌పోస్టులో లక్ష్మీకాంత్ కట్టిమణి, గోవా మనిషి. ఈ పేరు గుర్తు పెట్టుకోండి, నేను చివర్లో అడుగుతాను.

ముందు వైపు బార్తలొమ్యూ ఓగ్బెచే. నైజీరియా. 2002 వరల్డ్ కప్‌లో పదిహేడేళ్ళ పిల్లాడిగా ఆడినవాడు, మన దగ్గరికి వచ్చేసరికి ముప్ఫై ఏడు. మా స్టాఫ్ రూమ్‌లో ఒకాయన ‘రిటైరైనవాణ్ణి తెచ్చారు’ అని నవ్వాడు. ఆ రిటైరైనవాడు ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టాడు. లీగులో అందరికంటే ఎక్కువ. ఆయన పరిగెత్తడు, పిల్లలూ, అది గమనించండి. నడుస్తాడు. బంతి ఎక్కడ పడుతుందో ముందే అక్కడికి నడిచి వెళ్ళి నిలబడతాడు. పరిగెత్తేది డిఫెండర్లు.

లీగు మొత్తం మ్యాచ్ మ్యాచ్‌కీ చెప్పను, మీకు ఇళ్ళకి వెళ్ళాలని ఉంటుంది. చెన్నయిన్ చేతిలో 0–1 ఓటమితో మొదలైంది. ‘మళ్ళీ మొదలెట్టారు’ అనుకున్నాం. అప్పటి ఛాంపియన్ ముంబయిని 3–1తో కొట్టారు. నార్త్ ఈస్ట్ మీద అయిదు, ఒడిశా మీద ఆరు. జనవరిలో కరోనా బబుల్ లోపలికే వచ్చేసింది, మ్యాచ్‌లు వాయిదాలు పడ్డాయి. ఆడడానికి సరిపడా మనుషులు లేక ఆగిన జట్లున్నాయి. చివరికి లెక్క తేలేసరికి ఇరవై మ్యాచ్‌ల్లో 38 పాయింట్లు, రెండో స్థానం.

మొదటి స్థానం జంషెడ్‌పూర్. 43 పాయింట్లు. వరసగా ఏడు మ్యాచ్‌లు గెలిచి, ఆఖరి మ్యాచ్‌లో మోహన్ బగాన్ జట్టుని 1–0తో కొట్టి షీల్డు ఎత్తుకెళ్ళింది. వెనక కూర్చున్న తమ్ముడు చెయ్యెత్తాడు... అడుగు నాన్నా. ‘మరి జంషెడ్‌పూర్ ఫస్టొస్తే హైదరాబాద్ ఛాంపియన్ ఎట్లా?’ అంటున్నాడు. మంచి ప్రశ్న. ఇంగ్లండ్, స్పెయిన్ లీగుల్లో పట్టికలో మొదట ఉన్నవాడే ఛాంపియన్, అంతే. మన దగ్గర ఆ ఏడు ఐపీఎల్ లాంటి లెక్క ఉండేది. లీగులో మొదటివాడికి షీల్డు, పై నలుగురూ మళ్ళీ సెమీఫైనల్, ఫైనల్ ఆడి గెలిచినవాడికి కప్పు. ఏడాదంతా క్లాసులో ఫస్టొచ్చినవాడికి ఒక బహుమతి, ఆఖరి పరీక్ష బాగా రాసినవాడికి ఇంకోటి. న్యాయమా అంటే, నన్నడిగితే కాదు. ఇరవై మ్యాచ్‌ల కష్టం పెద్దదా, రెండు వారాల జోరు పెద్దదా? జంషెడ్‌పూర్ వాళ్ళకి ఈ మాట అనే హక్కుంది. నేను హైదరాబాదీని కాబట్టి కప్పునే లెక్కపెడతాను. (నవ్వులు)

ఇప్పుడు అసలు కథ. మార్చి 5. మనవాళ్ళ ఆఖరి లీగ్ మ్యాచ్, ముంబయితో. మనకి సెమీస్ ఖాయమైపోయింది. కానీ నాలుగో చోటు కోసం ముంబయి, కేరళ కొట్టుకుంటున్నాయి. హైదరాబాద్ గెలిస్తే ముంబయి ఇంటికి, కేరళ సెమీస్‌కి. ఆ రోజు ఫోన్లో మ్యాచ్ చూస్తుంటే కింద వచ్చే కామెంట్లన్నీ మలయాళంలోనే! రోహిత్ దాను, జోయెల్ కియానీస్ గోల్స్‌తో 2–1 గెలిచాం. కేరళవాళ్ళు మనకి దండాలు పెట్టారు. సరిగ్గా పదిహేను రోజులకి ఫైనల్లో మన ఎదురుగా నిలబడింది ఎవరు? ఆ కేరళే. మనం చేత్తో పట్టుకుని లోపలికి తీసుకొచ్చినవాళ్ళే.

సెమీస్‌లో మనం మోహన్ బగాన్ మీద మొదటి మ్యాచ్ 3–1 గెలిచి, రెండోది 0–1 ఓడి, మొత్తం 3–2తో బయటపడ్డాం. కేరళ, షీల్డు గెలిచిన జంషెడ్‌పూర్‌నే ఇంటికి పంపింది.

ఫైనల్ ఫటోర్డాలో. ఆ ఒక్క మ్యాచ్‌కి జనాన్ని రానిచ్చారు. గోవాకీ కేరళకీ దూరమెంత, రైలెక్కితే చాలు. స్టేడియం పచ్చగా, అంటే పసుపుపచ్చగా, నిండిపోయింది. కేరళ రంగు పసుపు. మన రంగు కూడా పసుపే. రెండు జట్లూ ఒకే రంగు వేసుకోకూడదు కదా, పట్టికలో పైన ఉన్నాం కాబట్టి పసుపు మనకిచ్చారు, కేరళ వేరే రంగు వేసుకోవాల్సి వచ్చింది. ఊహించండి. గ్యాలరీ నిండా వేల మంది పసుపు చొక్కాల్లో అరుస్తున్నారు, మైదానంలో పసుపు చొక్కా వేసుకున్నవాళ్ళని ఓడిపొమ్మని! నా భార్య టీవీ ముందు నుంచి వెళుతూ ‘అబ్బో, మనవాళ్ళకి ఇంతమంది ఉన్నారా’ అంది. ఉన్నారని చెప్పాను. ఆమె సంతోషం ఎందుకు పాడుచేయాలి.

మొదటి సగంలో కేరళ ఆటగాడు వాస్కెజ్ దూరం నుంచి కొడితే బంతి పైబారుకి తగిలి తిరిగొచ్చింది. అరవై ఎనిమిదో నిమిషంలో రాహుల్ కేపీ పెట్టె బయటి నుంచి, అంటే గోల్ ముందు గీసే పెనాల్టీ బాక్సు బయటి నుంచి, కొట్టాడు. కట్టిమణి చేతికి తగిలింది, తగిలి కూడా లోపలికి జారింది. ఆపాల్సిన బంతే అది. ఆపలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఈ కట్టిమణికి ఆ మైదానంలో పాత బాకీ ఒకటుంది. 2015 డిసెంబర్ 20. ఇదే ఫటోర్డా, ఇదే ఐఎస్ఎల్ ఫైనల్. అప్పుడు ఆయన గోవా గోల్‌కీపర్. సొంత ఊరి జట్టు, సొంత జనం. తొంభయ్యో నిమిషం దగ్గరకొచ్చేసరికి గోవా 2–1తో ముందుంది. కప్పు దాదాపు చేతిలో ఉన్నట్టే. చెన్నయిన్ బంతిని పోస్టు ముందుకి లేపింది. కట్టిమణి బయటికి తోయబోయాడు. బంతి ఆయన చేతి మీదుగానే సొంత గోల్లోకి వెళ్ళింది. సేమ్‌సైడ్ గోల్. 2–2. రెండు నిమిషాల్లో చెన్నయిన్ ఇంకోటి కొట్టి కప్పు తీసుకుపోయింది. గోల్‌కీపర్ తప్పు చేస్తే దాచుకునే చోటుండదు, వెనక వలే ఉంటుంది.

అందుకే రాహుల్ కేపీ గోల్ పడ్డప్పుడు నాకు కేరళ మీద కోపం రాలేదు, కట్టిమణి మొహం చూడబుద్ధి కాలేదు. ఆరేళ్ళ తర్వాత మళ్ళీ అదే చోట, మళ్ళీ చేతికి తగిలిన బంతే.

ఎనభై ఎనిమిదో నిమిషం. ఇంక రెండు నిమిషాలు. కేరళ డిఫెన్స్ తలతో కొట్టి తోసిన బంతి పెట్టె బయట పడబోతోంది. అక్కడ సాహిల్ తవోరా. అతనూ గోవా కుర్రాడే, సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. కింద పడనివ్వలేదు, గాల్లోనే కొట్టాడు. వాలీ. పిల్లలూ, వాలీలో బలం చూపిస్తే బంతి గ్యాలరీలో పడుతుంది. మోకాలు బంతి మీదికి వంచి ఉంచాలి. నేను మీకు వందసార్లు చెప్పింది అతను ఒక్కసారి చేసి చూపించాడు. వలలో పడింది. 1–1. మా పక్కింటాయన తలుపు కొట్టి ‘ఏమైంది మాస్టారూ’ అన్నాడు. అరిచింది నేనేనని అప్పుడు తెలిసింది.

అదనపు అరగంటలో ఏమీ తేలలేదు. పెనాల్టీలు. అంటే ఒక్కొక్కరే వచ్చి గోల్‌కీపర్ మీదికి కొట్టాలి. కేరళ ముందు. లెస్కోవిచ్ కొట్టాడు, కట్టిమణి ఆపాడు. మన జొవావ్ విక్టర్ వేశాడు. కేరళ నుంచి నిషు కుమార్ వచ్చాడు, కట్టిమణి ఆపాడు. రిఫరీ ఒప్పుకోలేదు! గోలీ ముందే గీత దాటాడు, మళ్ళీ కొట్టమన్నాడు. ఇలాంటప్పుడు ఏ గోల్‌కీపర్‌కైనా టెన్షన్ వస్తుంది. ఒకసారి ఆపిన వైపే మళ్ళీ దూకాలా, అవతలవాడు వైపు మారుస్తాడా? నిషు కొట్టాడు. కట్టిమణి మళ్ళీ ఆపాడు. తర్వాత మన సివేరియో బయటికి కొట్టాడు, కేరళ ఆయుష్ అధికారి వేశాడు, మన ఖస్సా కమారా వేశాడు. కేరళ నాలుగోది జీక్సన్ సింగ్. అదీ ఆపాడు. హళిచరణ్ నర్జారీ వెళ్ళి ఆఖరిది వేశాడు. 3–1. లెక్కకి మూడు పెనాల్టీలు ఆపాడు. నా లెక్కలో నాలుగు.

బాణసంచా లేదు. ఏ వీధిలోనూ కారు హారన్ మోగలేదు. మా వీధిలో కుక్క మొరిగింది, నా అరుపుకి.

ఇక నాకు ముల్లులా గుచ్చుకునే మాట ఒకటి చెబుతాను. ఆ రాత్రి ఫైనల్లో మొదట దిగిన పదకొండు మందిలో మన ఊరి పిల్లాడు ఒక్కడూ లేడు. తెలుగువాడు లేడు. ఈ గడ్డ మీద ఆటగాళ్ళు పుట్టక కాదు! సయ్యద్ అబ్దుల్ రహీం ఇక్కడి బడిపంతులే. ఆయన తయారు చేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆయనే కోచ్‌గా భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వెళ్ళింది, 1951లోనూ 1962లోనూ ఏషియన్ గేమ్స్ స్వర్ణం తెచ్చింది. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఇక్కడివాడే. తులసీదాస్ బలరాం మన సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడవాడు. తర్వాత నయీముద్దీన్, హబీబ్, షబ్బీర్ అలీ. వీళ్ళందరి కాలంలో మనకి లీగూ లేదు, టీవీ లేదు, పెద్ద కంపెనీ లేదు. ఆటగాళ్ళుండేవాళ్ళు. 2022లో లీగుంది, టీవీ ఉంది, విదేశీ కోచ్ ఉన్నాడు, కప్పు కూడా వచ్చింది. కావాల్సింది మాత్రం లేదు.

దీనికి క్లబ్బునే తిట్టను. మా స్కూలు గ్రౌండు సంగతి నాకు తెలుసు కదా. సగం పార్కింగ్ అయింది, మిగతా సగంలో క్రికెట్ నెట్లు. నేనే సంతకం పెట్టాను ఆ నెట్లకి. ఏం చేస్తాం, పిల్లలు అడిగారు.

తర్వాత ఏమైందో క్లుప్తంగా చెబుతాను, చెప్పడానికి కష్టంగా ఉంటుంది. మరుసటి సీజన్ గచ్చిబౌలికి తిరిగొచ్చారు, మళ్ళీ రెండో స్థానం, సెమీస్‌లో పెనాల్టీల్లో ఓడారు. మార్కెజ్ గోవాకి వెళ్ళిపోయాడు. ఆశీష్ అప్పటికే పోయాడు, ఆకాశ్ కూడా పోయాడు. క్లబ్బు డబ్బుల ఇబ్బందుల్లో పడింది, జీతాలు అందక ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2023-24లో ఇరవై రెండు మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు, ఎనిమిది పాయింట్లు, అట్టడుగు. యాజమాన్యం మారింది. 2025లో జట్టు ఢిల్లీకి మారి పేరు కూడా మార్చుకుంది. పుణె నుంచి మనకి వచ్చిన చోటు మన నుంచి ఢిల్లీకి వెళ్ళింది. పుణెవాళ్ళ బాధ నాకు అప్పుడు తెలియలేదు, ఇప్పుడు తెలిసింది.

మా మేనల్లుడి దగ్గర ఆ పసుపు జెర్సీ ఇంకా ఉంది. వీపు మీద ఓగ్బెచే పేరు సగం ఊడిపోయింది. దాన్ని వేసుకునే రోజూ పొద్దున గ్రౌండుకి వస్తాడు. ‘మీ జట్టు ఏది రా’ అంటే ఏం చెప్పాలో వాడికి తెలీదు, జెర్సీ మాత్రం విప్పడు.

సరే, చాలాసేపు మాట్లాడాను. చివర్లో అడుగుతానన్నాను కదా, గోల్‌కీపర్ పేరేంటి? ... ఆఁ, కట్టిమణి. గట్టిగా చెప్పారు. ఆ వీడియో తెచ్చాను, రెండు నిమిషాలే. బాబూ, ఆ ట్యూబ్‌లైట్లు ఆపు. ముందు వరసలో పిల్లలు కాస్త వంగి కూర్చోండి, వెనకవాళ్ళకి కనబడాలి. ఇదిగో, నిషు కుమార్ రెండోసారి బంతి పెడుతున్నాడు. బంతిని చూడకండి. గోల్‌కీపర్ కాళ్ళు చూడండి, గీత మీదే ఉన్నాయా లేదా చెప్పండి.